కేన్సర్ గడ్డను వెలుగుతో కాల్చడం: ఎలుకలో కుదిరింది, మనిషిలో ఎందుకింత ఆలస్యం?

వాట్సాప్‌లో తిరిగే ఆరోగ్య వీడియోల్లో ఒకటి మాత్రం పూర్తిగా అబద్ధం కాదు. అందులో ఓ తెల్ల ఎలుక ఉంటుంది. దాని పక్క భాగంలో చర్మం కింద బఠానీ గింజంత గడ్డ. తోకలోని రక్తనాళంలోకి నల్లటి ద్రవం ఎక్కిస్తారు. అందులో ఉండేవి నానో రేణువులు, అంటే లేజరు కాంతిని పీల్చి వేడెక్కే, కంటికి కనపడనంత చిన్న పలుకులు; వాటిని ఇప్పుడు ఎక్కువగా పాలిమర్ అనే ప్లాస్టిక్‌ జాతి పదార్థంతో చేస్తున్నారు. మర్నాడు గడ్డ మీద లేజరు పెడతారు. థర్మల్ కెమెరాలో ఎలుక ఒళ్లంతా నీలంగా, గడ్డ ఒక్కటీ పసుపు దాటి ఎర్రగా కనిపిస్తుంది. రెండు మూడు రోజుల్లో అక్కడ నల్లటి చెక్కు కడుతుంది, రెండు వారాలకు చెక్కు రాలిపోతుంది, గడ్డ ఉండదు. కింద తెలుగులో ఎవరో రాసేస్తారు: "కేన్సర్‌కి మందు దొరికింది, ఇక కీమో అక్కర్లేదు, అందరికీ పంపండి."

వీడియోలోది నిజంగా జరిగినదే. ఇలాంటి ప్రయోగాలు ఇరవై ఏళ్లకు పైగా చాలా దేశాల ల్యాబుల్లో చేస్తున్నారు. చిక్కంతా కింద రాసిన ఆ మూడు ముక్కలతోనే.

మన వైపు ఇలాంటివి ఊరికే పాకిపోవడానికి కారణం ఉంది. తూర్పు గోదావరి జిల్లా బలభద్రపురంలో కేన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న మాట 2025 మార్చిలో అసెంబ్లీ దాకా వెళ్లింది, వైద్య బృందాలు ఇల్లిల్లూ తిరిగాయి. అప్పట్నుంచి కాకినాడ నుంచి నరసాపురం దాకా ఏ అరుగు మీద నలుగురు కూర్చున్నా ఈ మాట రాకుండా పోదు. భయం ఉన్నచోట ఇలాంటి కబురుకి కాళ్లొస్తాయి. అందుకని ఈ చికిత్స ఎలా పనిచేస్తుందో, ఎక్కడ ఆగిందో కాస్త నిదానంగా చెప్పుకుందాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గడ్డను వేడెక్కించడం ఇందులో తేలికైన భాగం, అది దాదాపు సాధించేశారు. రేణువుల్ని గడ్డ దాకా చేర్చడం, వెలుగును అంత లోతుకు పంపడం, పనయ్యాక ఆ రేణువుల్ని ఒంట్లోంచి బయటికి పంపడం అసలు కష్టాలు.

వెలుగు ఒంట్లోకి ఎంత లోతుకు వెళుతుంది?

రాత్రి కరెంటు పోయినప్పుడు సెల్‌ఫోన్ టార్చి వేసి దాని మీద అరచెయ్యి మూసి చూడండి. వేళ్ల సందుల్లో, అంచుల్లో చెయ్యి ఎర్రగా మెరుస్తుంది. టార్చిలో తెలుపు ఉంది, అంటే అన్ని రంగులూ ఉన్నాయి. బయటికొచ్చింది ఎరుపొక్కటే. నీలం, ఆకుపచ్చ కాంతుల్ని రక్తంలోని హిమోగ్లోబిన్ మింగేసింది. ఎరుపు దాటి ఇంకా అవతలికి, కంటికి కనపడని పరారుణ కాంతిలోకి పోతే ఒళ్లు ఇంకాస్త దారిస్తుంది. మరీ అవతలికి పోతే మన ఒంట్లోని నీరే కాంతిని పీల్చుకుంటుంది. ఈ రెంటికీ మధ్య, ఇంచుమించు 650 నుంచి 950 నానోమీటర్ల దాకా, ఒక కిటికీ తెరిచి ఉంటుంది. (కాంతి ఏ రంగుదో దాని అల పొడవుతో ఇలా చెబుతారు; నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షో వంతు.) కోవిడ్ రోజుల్లో ఇంటింటా వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరు పనిచేసేది ఈ కిటికీలోనే. దాని రెండు కాంతుల్లో ఒకటి 660, రెండోది 940 నానోమీటర్ల దగ్గర ఉంటుంది.

కేన్సర్ ప్రయోగాల్లో ఎక్కువగా వాడేది 808 నానోమీటర్ల లేజరు. అయితే కిటికీ తెరిచి ఉందంటే కాంతి ఎంత దూరమైనా పోతుందని కాదు. ఒళ్లు గాజుపలక కాదు, కాంతి అడుగడుగునా చెదిరిపోతుంది. లెక్క కోసం ప్రతి 5 మిల్లీమీటర్లకూ మూడో వంతే మిగులుతుందని అనుకోండి. సెంటీమీటరు లోతుకు తొమ్మిదో వంతు, రెండు సెంటీమీటర్లకు 81వ వంతు. పోనీ లేజరు బలం పెంచుదామా అంటే చర్మం కాలిపోతుంది. చర్మం మీద 808 కాంతి చదరపు సెంటీమీటరుకు సుమారు 0.33 వాట్ మించకూడదన్నది భద్రత పరిమితి. ఎలుకల ప్రయోగాల మీద వచ్చిన పరిశోధన పేపర్లు తిరగేస్తే చాలావాటిలో 0.5, 1, ఒక్కోసారి 2 వాట్లు కూడా కనిపిస్తాయి. ఈ ఒక్క అంకె చూసే చాలా పేపర్లను నేను పక్కన పెడతాను.

వేడి పని వేడిదే

కణాల్ని వేడితో చంపడం కొత్తేమీ కాదు. ఒంటి వేడి 37 డిగ్రీలు. 41 నుంచి 45 దాకా పెంచితే కణాలు దెబ్బతింటాయి, కొన్ని తట్టుకుని కోలుకుంటాయి. 50 దాటితే కణంలోని ప్రోటీన్లు ముద్దకట్టి పోతాయి, ఇక తిరిగి లేవడం ఉండదు. వైద్యులు వాడే ఒక ఉజ్జాయింపు లెక్కుంది. 43 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ అంతే దెబ్బకు పట్టే సమయం సగమవుతుంది. 43 దగ్గర గంట పట్టే పని 44 దగ్గర అరగంట, 45 దగ్గర పావుగంట, 50 దగ్గర అర నిమిషం. అందుకే ఐదారు డిగ్రీల తేడా కోసం శాస్త్రవేత్తలు అంత పాకులాడతారు.

ఆ మధ్య భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే ఒకాయన ఈ వీడియో చూపించి అడిగారు. "మాస్టారూ, మా అన్నయ్యకి లివర్లో చిన్న గడ్డ ఉందన్నారండి. ఇదేదో లైటు పెడితే కరిగిపోద్దంట కదండీ? ఎక్కడ చేస్తారో కనుక్కుని చెప్పండి." లైటు లివర్ దాకా పోదండీ, కానీ వేడితో కాల్చే పద్ధతి ఈసరికే ఉంది, దానికి లైటు అక్కర్లేదు అన్నాను. రేడియోఫ్రీక్వెన్సీ, మైక్రోవేవ్ అబ్లేషన్ అని రెండున్నాయి. స్కానింగులో చూసుకుంటూ సన్నటి సూది గడ్డలోకి దింపి, దాని కొసను వేడెక్కిస్తారు. లివర్లో మూడు సెంటీమీటర్ల లోపు గడ్డలకు ఇవి చాలా ఏళ్లుగా వాడుకలో ఉన్నవే. "మరి రేడియేషను? కరెంటు పెట్టడం అంటారు చూడండి, అదీ ఇదీ ఒకటేనాండీ?" అన్నారు. కాదు. అక్కడ ఎక్స్‌రే లాంటి కిరణాలు కణం లోపలి డీఎన్‌ఏని తెంపుతాయి, వేడి పుట్టదు. ఇక్కడ కాంతి తనంతట తాను ఏ హానీ చెయ్యదు, అది వేడిగా మారాలి.

సూది ఉండగా మళ్లీ నానో రేణువులెందుకు? సూది చుట్టూ ఉన్నదంతా కాలుతుంది, మంచి కణమా చెడ్డ కణమా అన్నది దానికి పట్టదు. పక్కన పెద్ద రక్తనాళం ఉంటే ప్రవహించే రక్తం వేడిని లాక్కుపోయి ఆ అంచు కాలకుండా మిగులుతుంది. రేణువుల పద్ధతిలో ఆశ ఏమిటంటే, రేణువు ఉండి వెలుగు పడకపోతే ఏమీ కాదు, వెలుగు పడి రేణువు లేకపోతే దాదాపు ఏమీ కాదు. రెండూ కలిసిన చోటే కాలుతుంది. ఆలోచన చక్కటిదే, అందులో సందేహం లేదు.

ప్లాస్టిక్‌ జాతి పదార్థం వేడెక్కడం ఎలా?

ఈ దారి మొదట పడింది బంగారంతో. అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో నవోమీ హాలస్, జెనిఫర్ వెస్ట్ బృందం 2003లో సిలికా గుండు మీద పల్చటి బంగారు పొర వేసి, పరారుణ కాంతితో ఎలుకల్లో గడ్డల్ని కాల్చి చూపించింది. తర్వాత అవే రేణువుల్ని మగవారి ప్రోస్టేట్ కేన్సర్‌లో పరీక్షించారు. 2019లో వెలువడిన ఫలితాల ప్రకారం ప్రయోగంలో ఉన్నది 16 మంది, వారిలో 15 మందికి చికిత్స అనుకున్నట్టు పూర్తయింది. లోతు సమస్యని వాళ్లు తెలివిగా దాటారు. కాంతిని చర్మం మీంచి కాకుండా సన్నటి ఆప్టికల్ ఫైబర్‌తో నేరుగా ప్రోస్టేట్ లోపలికే పంపారు.

బంగారానికి రెండు పేచీలున్నాయి. అది ఒంట్లో విరగదు, కాలేయంలో చేరిందంటే చాలాకాలం అక్కడే ఉండిపోతుంది. కడ్డీల ఆకారంలో చేసిన నానో బంగారమైతే బలమైన లేజరు కింద గుండ్రంగా మారిపోతుంది, ఆకారం మారితే పీల్చే కాంతి మారిపోతుంది, రెండో విడత లేజరుకి ఉపయోగం తగ్గుతుంది. అక్కడే పాలిమర్లు రంగంలోకి వచ్చాయి.

పాలిమర్ అంటే చిన్న అణువులు గొలుసుగా కలిసిన పొడవాటి అణువు. మనకు తెలిసిన పాలిథిన్ సంచీ కాంతిని పట్టించుకోదు. కానీ గొలుసు పొడవునా ఒక బంధం, రెండు బంధాలు, మళ్లీ ఒకటి, మళ్లీ రెండు అని మారుతూ పోయే పాలిమర్లున్నాయి. వాటిలో ఎలక్ట్రాన్లు ఒక్కచోటే కట్టుబడి ఉండవు, గొలుసు మీద కదులుతాయి. 1977లో షిరకావా, మెక్‌డయర్మిడ్, హీగర్ పాలీఎసిటిలీన్ అనే అలాంటి పాలిమర్‌లో కరెంటు పారించారు. అందుకే 2000లో వాళ్లకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. కేన్సర్ అప్పుడు వాళ్ల ఆలోచనలో లేదు.

అలాంటి పాలిమర్ మీద కాంతి పడితే ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎగురుతుంది. అక్కడి నుంచి దిగడానికి దానికి మూడు దారులు. తిరిగి కాంతిగా బయటికి వదలొచ్చు, అప్పుడది వెలుగుతుంది, ఫోటో తీయడానికి పనికొస్తుంది. పక్కనున్న ఆక్సిజన్‌కి ఆ శక్తిని అప్పగించొచ్చు, అప్పుడు పుట్టే చురుకైన ఆక్సిజన్ కణాన్ని పాడుచేస్తుంది. ఇది ఫోటోడైనమిక్ చికిత్స, ఆసుపత్రుల్లో ఈసరికే ఉన్నదే, దీన్నీ వేడి చికిత్సనీ కలిపేసి రాసేవాళ్లు చాలామంది. మూడో దారిలో అణువు ఊగుతూ, వణుకుతూ ఆ శక్తిని చుట్టూ ఉన్న నీటికి వేడిగా ఇచ్చేస్తుంది. కెమిస్టుల కృషంతా మొదటి రెండు దారులు మూసి మూడోదే తెరిచి ఉంచడం మీద. గొలుసులో ఎలక్ట్రాన్లను ఇచ్చే ముక్కనీ, లాక్కునే ముక్కనీ ఒకదాని తర్వాత ఒకటి కూర్చితే మెట్ల మధ్య ఎడం తగ్గి, పాలిమర్ పరారుణ కాంతిని పీల్చడం మొదలెడుతుంది. ఏ ముక్క ఎంచుకుంటే ఏ కాంతి పీలుస్తుందో ముందే కొంతవరకు లెక్క వేసుకోవచ్చు. ఈ వెసులుబాటు బంగారంలో ఇంతగా లేదు.

2011లో దక్షిణ కొరియా పరిశోధకులు పాలీఅనిలిన్‌తో, 2012లో చైనా బృందాలు పాలీపైరోల్‌తో ఎలుకల్లో గడ్డల్ని కాల్చారు. ఆ మరుసటేడు పాలీడోపమిన్ వచ్చింది. నాకు వీటిలో ఇదే ముచ్చటగా ఉంటుంది. సముద్రపు రాళ్లను అలలు ఎంత బాదినా వదలకుండా అంటుకునే ఆల్చిప్పల జిగురులోని రసాయనం చూసి 2007లో కనిపెట్టిన పదార్థమిది, మన చర్మానికి, జుట్టుకి రంగునిచ్చే మెలనిన్‌కి దగ్గరి చుట్టం. చేయడం కూడా చూడ్డానికి బావుంటుంది. కొంచెం క్షార గుణం ఉన్న నీళ్లలో డోపమిన్ వేసి, గాలి తగిలేలా కలుపుతూ ఉంటారు. నీళ్లలా ఉన్నది మొదట లేత గులాబీ, తర్వాత టీ డికాక్షన్ రంగు, కొన్ని గంటలకు నల్ల సిరా అవుతుంది. ఆ సిరాలో తేలేవే నానో రేణువులు. వాటి మీద 808 లేజరు పెడితే పీల్చిన కాంతిలో 40 శాతం దాకా వేడిగా మారిందని మొదటి కొలతల్లో తేలింది. నీళ్లలో పల్చగా కలిపినా ఐదు నిమిషాల్లో గది వేడిమి నుంచి 50 డిగ్రీలు దాటించొచ్చు. ఉత్త నీళ్లయితే పెరిగేది కొద్ది డిగ్రీలే.

మరో దారి కూడా ఉంది, బహుశా ఆసుపత్రికి త్వరగా చేరేది అదే. పాలిమర్ తాను వేడెక్కదు, వేడెక్కే రంగును లోపల మోసుకెళుతుంది. ఐసీజీ అనే ఆకుపచ్చ రంగు దశాబ్దాలుగా కంటి, కాలేయ పరీక్షల్లో మనుషులకు ఎక్కిస్తున్నదే. 800 నానోమీటర్ల దగ్గర కాంతిని బాగా పీలుస్తుంది. కానీ ఒట్టిగా ఎక్కిస్తే మూడు నాలుగు నిమిషాల్లో సగం రక్తంలోంచి వెళ్లిపోతుంది. దాన్ని పీఎల్‌జీఏ అనే పాలిమర్‌లో చుట్టి పంపుతారు. ఆపరేషన్ తర్వాత "కరిగిపోయే కుట్లు వేశాం" అంటారే, ఆ దారం ఈ జాతిదే. ఒంట్లోని నీటికి విడిపోయి, లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లాలుగా మారి పోతుంది.

వంద పంపితే ఎన్ని చేరతాయి?

రేణువుల పరిమాణం సాధారణంగా 50 నుంచి 150 నానోమీటర్లు. ఎర్ర రక్తకణం 7,000 నానోమీటర్లు, కాబట్టి ఇవి రక్తంలో హాయిగా తిరుగుతాయి. గడ్డలోని రక్తనాళాలు హడావుడిగా పెరిగినవి, గోడల్లో ఖాళీలుంటాయి. రేణువులు ఆ ఖాళీల్లోంచి గడ్డలోకి జారి అక్కడే చిక్కుకుంటాయని 1986లో జపాన్‌కు చెందిన మత్సుమురా, మయెదా చెప్పారు. నానో వైద్యమంతా చాలాకాలం ఈ నమ్మకం మీదే నడిచింది.

టొరంటో యూనివర్సిటీ బృందం పదేళ్ల పేపర్లన్నీ వడపోసి 2016లో ఒక లెక్క తేల్చింది. రక్తంలోకి ఎక్కించిన నానో రేణువుల్లో గడ్డకు చేరేది మధ్యస్థంగా 0.7 శాతం. వందకు ఒకటి కూడా కాదు. ఈ అంకె వచ్చినప్పుడు ఈ రంగంలో పెద్ద కలకలమే రేగింది.

మన డెల్టా రైతుకి ఇది అర్థం కావడానికి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర తలుపులెత్తితే నీళ్లు బోలెడు బయల్దేరతాయి. ప్రధాన కాలవ, పంపిణీ కాలవ, పిల్ల కాలవ దాటేసరికి దారిలో ఎవరి చేలు వాళ్లు తడుపుకుంటారు. దాళ్వాలో వంతులు పెట్టినా శివారు చేనుకి వచ్చేది అంతంతే. ఒంట్లో ఆ మొదటి చేను కాలేయం, దాని పక్కది ప్లీహం. కొత్త వస్తువేదైనా రక్తంలో కనిపిస్తే పట్టి మింగేసే కణాలు అక్కడే కాపు కాసి ఉంటాయి. వాటి కన్ను గప్పడానికి రేణువు మీద పీఈజీ అనే పాలిమర్ కోటు వేస్తారు. దానివల్ల రక్తంలో తిరిగే సమయం నిమిషాల నుంచి గంటలకు పెరుగుతుంది గానీ, కాలేయం చేతికి చిక్కకుండా పోవు. పైగా కొందరి ఒంట్లో పీఈజీకే యాంటీబాడీలు తయారవుతాయి.

కిడ్నీ ద్వారా పోవాలంటే రేణువు ఆరు నానోమీటర్ల లోపు ఉండాలి. వందది పోదు. అందుకే విరిగిపోవడం అంత ముఖ్యం. "పాలిమర్ కాబట్టి ఒంట్లో కరిగిపోతుంది" అని కొన్ని కథనాల్లో రాసేస్తారు. అది సరికాదు. పీఎల్‌జీఏ కరుగుతుంది. పాలీపైరోల్ లాంటివి అంత తేలిగ్గా కరగవు. వేడెక్కే గుణాన్నిచ్చే ఆ గట్టి గొలుసే తెగడానికి కూడా మొరాయిస్తుంది. గొలుసు మధ్య మధ్య తెగే ముక్కలు పెట్టి చేసిన కొత్త పాలిమర్లు వస్తున్నాయి. వాటిలో ముక్కలు పెరిగేకొద్దీ కాంతిని పీల్చే బలం తగ్గే ప్రమాదం ఉంది. ఆ రెంటినీ సరిపెట్టడమే ఇప్పుడు కెమిస్టులకున్న పెద్ద తలనొప్పి.

ఎలుక లెక్క మనిషికి ఎందుకు రాదో కూడా చూడండి. 20 గ్రాముల ఎలుకలో 0.1 గ్రాము గడ్డ అంటే దాని బరువులో 200వ వంతు. అదే లెక్కన 60 కిలోల మనిషికి 300 గ్రాముల గడ్డ ఉండాలి. అంత గడ్డ అయ్యేదాకా ఆగిన రోగికి చికిత్స లేజరుతో మొదలవదు. పైగా ఎలుక గడ్డ ప్రయోగం కోసం వారం పది రోజుల్లో పెంచింది, రక్తనాళాలు మరీ కారుతుంటాయి. మనిషి గడ్డ ఏళ్ల తరబడి పెరిగి గట్టిపడి ఉంటుంది.

పాకిన కేన్సర్ సంగతి ఇంకో చిక్కు. లేజరు పడని చోట వేడి పుట్టదు. ఊపిరితిత్తుల్లో, ఎముకల్లో ఎక్కడెక్కడో చుక్కలుగా ఉన్నవాటికి కాంతి ఎలా పెడతారు? ఇక్కడ 2016లో చైనాలో జరిగిన ఒక ప్రయోగం ఆసక్తికరమైనది. పీఎల్‌జీఏ రేణువుల్లో ఐసీజీతో పాటు ఇమ్యూనిటీని రెచ్చగొట్టే మందు కూడా పెట్టి, ఒక గడ్డను కాల్చి, ఆపైన ఇమ్యూనిటీ బ్రేకులు తీసే యాంటీబాడీ ఇచ్చారు. చచ్చిన కణాల తునకల్ని గుర్తుపట్టి రోగనిరోధక కణాలు దూరంలో ఉన్న, లేజరు పడని గడ్డల మీద కూడా దాడి చేశాయి. ఎలుకల్లోనే లెండి. కానీ వాడిన సరుకంతా వేర్వేరు పనుల కోసం మనుషుల్లో వాడటానికి అప్పటికే ఆమోదం ఉన్నదే.

మనకు దగ్గరగా ఉన్న కేన్సర్లలో ఇది ముందుగా పనికొస్తే నోటి కేన్సర్‌కే రావచ్చు. లంక పొగాకు చుట్టలు, ఖైనీ, గుట్కా మన వైపు చేసిన నిర్వాకం అందరికీ తెలిసిందే. నోరు తెరిస్తే బుగ్గ, నాలుక వెలుగుకి అందుతాయి, మిల్లీమీటర్ల లోతు చాలు, రేణువుల్ని రక్తంలో పంపే బదులు నేరుగా గడ్డలోకే సూదితో ఎక్కించొచ్చు. అంటే ఆ 0.7 శాతం బెడద కూడా చాలావరకు తప్పుతుంది. తల, మెడ భాగపు కేన్సర్లకు కాంతితో చేసే ఒక చికిత్సకు జపాన్ 2020లో ఆమోదమిచ్చింది కూడా. అందులో యాంటీబాడీకి రంగును అతికించి 690 నానోమీటర్ల కాంతి వేస్తారు. అది వేడితో కాకుండా కణం పైపొరను చీల్చి చంపుతుంది, పాలిమర్ రేణువులూ ఉండవు. కానీ కాంతిని నోటికి, గొంతుకు చేర్చే పరికరాలు, డాక్టర్లకు శిక్షణ ఇప్పటికే ఉన్నాయంటే వెనకొచ్చే వాటికి సగం దారి పడ్డట్టే.

లోతు కోసం 1064 నానోమీటర్ల కాంతిని పీల్చే పాలిమర్ల మీద ఇప్పుడు పని ఎక్కువగా జరుగుతోంది. అక్కడ కాంతి తక్కువ చెదురుతుంది, చర్మం మీద పరిమితి కూడా చదరపు సెంటీమీటరుకు 1 వాట్ దాకా ఉంటుంది. మన దేశంలో ఐఐటీ బాంబే వాళ్లు 2015లో ఒంట్లో విరిగిపోయే కొవ్వు బుడగల మీద బంగారు పూత వేసి ఎలుకల్లో చూపించారు. బంగారమే అయినా చిన్న తునకలైపోయి బయటికి పోయేలా చేయడం దాని విశేషం.

చెరువుల ఆయన చివరికి అడిగింది ఒక్కటే. "మరి మనకెప్పుడొస్తదండీ ఇది?" బంగారు రేణువులు ఎలుక నుంచి ఆ 16 మంది రోగుల ఫలితాల దాకా రావడానికి 2003 నుంచి 2019 పట్టింది. తామే వేడెక్కే పాలిమర్లు మొదలైంది 2011, 12 ప్రాంతంలో. కేన్సర్ గడ్డను కాల్చడానికి ఆమోదం పొందిన పాలిమర్ రేణువు ప్రపంచంలో ఎక్కడా ఇంకా లేదు. ఎవరైనా ఫలానా ఊళ్లో ఫలానా క్లినిక్‌లో డబ్బులు తీసుకుని చేస్తున్నారంటే అది ఈ చికిత్స కాదండీ అన్నాను. ఆయన అన్నయ్య రిపోర్టుల్లో గడ్డ సైజు రెండు సెంటీమీటర్లని ఉంది. సూదితో కాల్చడం కుదురుతుందేమో అడగమని, ఆ మాట మర్చిపోకుండా ఫైలు మీదే రాసిచ్చాను.